గోనె పోను

మా చీటీ ముప్పై ఒకటి. ఇప్పుడు పిలిచింది పద్దెనిమిది. మధ్యలో ఉన్న పన్నెండు మందీ ఒక్కొక్కరే ఆ గోడ పక్కనున్న బరువు మిషను ఎక్కి దిగాలి, ఆ తర్వాత నేను ఎక్కాలి, ఎక్కినప్పుడు ఆ ఎర్ర అంకెలు ఎనభై దాటకూడదు. దాటితే నా తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి నేను పనికిరానట్టే. పెద్ద డాక్టరు హైదరాబాదు నుంచి నెలకొక్కసారి గుంటూరు వస్తాడు, ఇవాళ వచ్చాడు, సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. ఫిబ్రవరిలో నన్ను చూసినప్పుడు ఆయన నా మొహం కన్నా ముందు నా నడుము చూశాడు. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి, కానీ ఇంత ఒళ్ళు పెట్టుకుని కోయించుకుంటే మీకే ప్రమాదం, రేపు ఈ బరువంతా మిగిలిన ఒక్క కిడ్నీ మీద పడుతుంది, తొందరేం లేకుండా మెల్లగా తగ్గి ఎనభైకి వచ్చాక కనపడండి అన్నాడు. అప్పుడు తొంభై రెండు. ఇప్పుడెంతో నాకు తెలుసు, మొన్న సోమవారం మా ఆయన కాటా మీద డెబ్బై తొమ్మిదిన్నర. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ లెక్క వేసుకుంటున్నాను. అరకిలో తేడా ఒక తేడానా, అరకిలో అంటే రెండు గ్లాసుల నీళ్ళు. అందుకే నిన్న రాత్రి నుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు. ఈ సంగతి నాకూ అల్లాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి నా దాకా రావడం లేదు. ఆగస్టు చివర, వాన పడదు, ఉక్క పోదు. నాలుక అంగిట్లో అతుక్కుంటోంది, పెదాలు తడుపుకుందామంటే నోట్లో తడి లేదు. పక్కన మాలిక్ కూర్చున్నాడు, నా తమ్ముడు, ముప్పై ఒక్క ఏళ్ళవాడు, వినుకొండలో దూది ఏకి పరుపులు కుడతాడు. మా నాన్న విల్లుతో ఏకేవాడు, వీడు మిషనుతో ఏకుతాడు, అంతే తేడా. ఏకేవాడు అనాలేమో, జనవరి నుంచి ఆ మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వారానికి రెండుసార్లు ఇక్కడికొచ్చి డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు పడుకుంటాడు. రోజుకి రెండు చిన్న గ్లాసుల నీళ్ళు వాడికి, అందులోనే టీ, అందులోనే మజ్జిగ, అందులోనే మాత్ర మింగే గుక్క. వాడి భార్య నజ్మీన్ పొద్దున్నే సీసాలో కొలిచి పోసి చేతికిస్తుంది. తమాషా ఏమిటంటే వాడినీ తూస్తారు, నన్నూ తూస్తారు. మూడు రోజుల్లో వాడు మూడు కిలోలు పెరుగుతాడు, అంతా నీరు, బయటికి పోయే దారి లేని నీరు, మంచం ఎక్కించి లాగేస్తారు. నేను మూడు కిలోలు తగ్గడానికి ఆరు వారాలు కావాలి. వాడు పుట్టినప్పుడు నాకు పదమూడేళ్ళు. అమ్మ మిరపకోతకు పోతూ వాడిని నా చంకన పెట్టి పోయేది, పొద్దు వాలేసరికి నడుం ఒక పక్కకి వంగిపోయేది నాకు. వాడి బరువు నాకు అప్పటి నుంచీ తెలుసు.

పందొమ్మిది, ఇరవై. మా ఆయన బుడాన్ కూర్చోమంటే కూర్చోడు, పోయి ఆ మిషను పక్కనే నిలబడ్డాడు. ఎక్కడ కాటా కనపడినా ఆయన దాని పక్కన ఉండాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా మిరపయార్డులో కాటా వేస్తున్నాడు, హమాలీలు టిక్కీ ఎత్తి కాటా మీద పెట్టీ పెట్టగానే అంకె అరుస్తాడు, మిరపకాయల బస్తాని మా యార్డులో టిక్కీ అంటారు, ఆ అరుపు ఆ వరస చివరిదాకా వినపడుతుంది. ఇంట్లో గొంతే లేదు మనిషికి. ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా నీళ్ళ గ్లాసు వైపు చూసి ఊరుకుంటాడు. ఇప్పుడు ఒక్కొక్కరూ మిషను ఎక్కుతుంటే పెదాలు కదుపుతున్నాడు, తనలో తనే బరువులు చదువుకుంటున్నాడు. ఎక్కేవాళ్ళు ఆయన్ని ఆసుపత్రి మనిషనుకుని అయ్యా ఎంత అని అడుగుతున్నారు. నవ్వొస్తోంది, నవ్వితే పెదవి పగిలేట్టుంది. నా సంచిలో నీళ్ళ సీసా ఉంది, పొద్దున ఆయనే నింపి పెట్టాడు. దాని వైపు చూడకూడదు.

మొదటి నెల నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డాక్టరు మెల్లగా తగ్గమన్నాడు, ఆ మాట నా చెవికెక్కితేగా. తమ్ముడు మంచం మీద ఉంటే మెల్లగా ఏమిటి? రంజాను నెలంతా రోజా ఉండేదాన్ని, ఆకలి నాకు కొత్తా అనుకున్నాను. పొద్దున టీ, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి ఒక జామకాయ. నాలుగు వారాల్లో ఐదు కిలోలు పోయాయి. జాకెట్టు వదులైందని పొంగిపోయాను, జుట్టు ఊడుతోందని పట్టించుకోలేదు, పిల్లల మీద ఊరికే అరుస్తున్నానని పట్టించుకోలేదు. నేను యార్డు దగ్గర షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తాను, పొద్దున కూర్చుంటే సాయంత్రం లేవడం. మార్చి ఎండలో రేకుల కింద కూర్చుని తీస్తూ తీస్తూ ఉంటే ఎదురుగా ఉన్న ఎరుపంతా నల్లబడింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కుప్ప మీదికి బోర్లా పడ్డాను. కళ్ళలో కారం, ముక్కులో కారం. పక్కనున్న ఆడవాళ్ళు నీళ్ళు కొడుతుంటే ఏడ్చాను, మంటకి ఏడ్చానో మరి దేనికి ఏడ్చానో. ఆ తర్వాత మూడు వారాలు తిన్నాను చూడండి, నెల రోజుల బాకీ తీర్చుకున్నట్టు తిన్నాను, నిద్రలో లేచి కుండలో చెయ్యి పెట్టాను. మళ్ళీ ఇక్కడి మిషను ఎక్కేసరికి తొంభై మూడు. మొదలుపెట్టినదానికి ఒకటి ఎక్కువ.

ఇరవై మూడు పిలిచారు. పిలుస్తున్నది రెబ్కా, అదిగో మిషను పక్కన స్టూలు మీద కూర్చుని కార్డుల మీద బరువులు రాస్తున్న నర్సు. ఆ రోజు తొంభై మూడు చూసి నేను తల దించుకుంటే ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిట్లు అలవాటే. స్టూలు జరిపి నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"ఎన్నాళ్ళు తినకుండా ఉన్నావు నజీరమ్మా?"

"నెల."

"ఇంకెన్నాళ్ళు ఉండగలవు అట్టా?"

నేను కొంగు అంచు వేలికి చుట్టుకున్నాను.

"చచ్చేదాకా చేయగలిగిన పని ఏదన్నా ఉంటే చెప్పు. చిన్నదైనా సరే. అదే చేద్దాం."

అలాంటి మాట నాకెవరూ చెప్పలేదు. అప్పుడు మొదలుపెట్టి నేను తినేవన్నీ చెప్పించుకుంది. నా పళ్ళెంలో తినేది పెద్దగా ఏమీ లేదు, చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది, మరి ఈ ఒళ్ళెక్కడిది? అందరూ తిన్నాక ఏం చేస్తావు అంది. గిన్నెలు సర్దుతాను అన్నాను. సర్దేటప్పుడు? అప్పుడు తెలిసింది. చిన్నవాడు వదిలేసిన అన్నం, బుడాన్ పళ్ళెంలో మిగిలిన కూర, గిన్నె అడుగున అంటుకున్నది, పారేస్తే పాపమని నిలబడే నోట్లో వేసుకుంటాను. కూర్చుని తిన్నది ఒక పూట, నిలబడి తిన్నది ఇంకో పూట. ఇరవై ఏళ్ళుగా నేను మా ఇంటి కుడితి తొట్టిని. రెబ్కా నవ్వి, ఈ రెండు వారాలు నిలబడి ఏమీ తినకు, కూర్చుని నీకు కావలసింది తిను, అంతే, ఇంకేమీ మార్చకు అంది. అంతేనా అన్నాను. అంతే అంది. ఇంటికొచ్చి మిగిలినదానికి ఒక గిన్నె పెట్టి పక్కింటి గేదె కుడితిలో పోశాను, మొదటి రోజు సగం పోసి ఆగి, ఆ తర్వాత మిగతాది పోశాను. ఆ తర్వాత రెండు వారాలకి అన్నం పెద్ద గరిటెతో కాకుండా చిన్న గరిటెతో పెట్టుకోమంది. ఆ తర్వాత నాలుగు టీలలో రెండు టీలకి చక్కెర తీసేయమంది. ఆ తర్వాత నడవమంది. ఒకటి ఒంటికి పట్టాకే ఇంకొకటి. ప్రతివారం ఇంత దూరం రావద్దులే, మీ ఆయన దగ్గర సర్కారు ముద్రేసిన కాటా ఉందిగా, ఒకే కాటా, ఒకే రోజు, ఒకే వేళ, ఎంత వస్తే అంత ఫోనులో చెప్పు, కార్డు మీద నేను రాసుకుంటాను అంది.

అట్లా సోమవారాలు మొదలయ్యాయి. యార్డులోకి మొదటి లారీ రాకముందు, ఆ పొద్దుపొద్దున్నే, టిక్కీలు పెట్టే ఇనప పలక మీద నేను. ముందువైపు రాడ్డు మీద గుండు జరుపుతూ బుడాన్. ఎవరైనా చూస్తారేమోనని కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని, ఆయన చెప్పిందే అంకె. మొదటి సోమవారం తొంభై రెండు అన్నాడు. రెబ్కా దగ్గర తొంభై మూడు చూసి అప్పటికి నాలుగు రోజులే, నాలుగు రోజుల్లో కిలో! అంత సంబరం నా పెళ్ళికి కూడా పడలేదు. ఆ కిలో చూసే గదా నేను రెండో వారం నిలబడ్డాను. అక్కడి నుంచి నడక, యార్డు గోడ వెంబడి పత్తి మిల్లు గేటు దాకా పోయి రావడం. మొదట్లో ఆయన సైకిల్ నడిపించుకుంటూ నాకు నాలుగడుగుల వెనక వచ్చేవాడు, ఎవరైనా చూస్తే పని మీద పోతున్నట్టు. గేదెను తోలుకుపోతున్నావా బుడాన్ అని ఒకడు వాగాడు. ఆ మర్నాటి నుంచి సైకిల్ ఇంట్లో పెట్టి నా పక్కన నడిచాడు.

ఇరవై నాలుగు. ఇరవై ఐదు ఎవరో రాలేదు. అయ్యో, తొందరగా జరిగిపోతోంది. గాజులు తీసెయ్యనా? మట్టిగాజులు డజను, ఎంత ఉంటాయి, పావుకిలో కూడా ఉండవు. మా పెద్దమ్మ అమీర్‌బీ చూస్తే వట్టి చేతులేమిటే అని మొదలుపెడుతుంది. ఆవిడ నోరు మంచిది కాదు, మనసు మంచిది. మే నెలలో ఆవిడ మనవరాలి పెళ్ళికి వినుకొండ పోతే పెద్ద బేసిన్ నిండా బిర్యానీ తెచ్చి నా ముందు పెట్టి, నా చేతి అన్నం వద్దనేంత గొప్పదానివయ్యావా అంది. నలుగురిలో. వద్దంటే ఆవిడకి అవమానం, తింటే నాకు నరకం. రెబ్కా నేర్పిన మాట చెప్పాను, పెద్దమ్మా, ఎంత రుచిగా ఉందో ఇప్పుడు తింటాను, మిగతాది మూట కట్టివ్వు, రేపు కూడా నీ పేరు చెప్పుకుని తింటాను. గుప్పెడు తిన్నాను, మెల్లగా, ప్రతి ముద్దా నమిలి. మూట మాలిక్ ఇంట్లో ఇచ్చేశాను. వాడు ఉప్పూ కారం తినకూడదు కదా, మూట వాసన చూసి నజ్మీన్‌కిచ్చి బయట అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు అనిపించింది, నేను ముద్ద ఎక్కువ తిన్న ప్రతిసారీ వాడి రోజుల్లోంచి ఒకటి తింటున్నానని. ఆ మాట రెబ్కాకి చెబితే గట్టిగా కసిరింది. అట్టా అనుకుంటే దొంగచాటుగా తింటావు, అన్నం అన్నమే, పాపం పుణ్యం కాదు అంది. నిజమే కానీ, అనిపించడం ఆగుతుందా.

ఎనభై ఆరు దగ్గర మూడు వారాలు కదల్లేదు. జూను అంతా. నడిచాను, గరిటె మార్చలేదు, నిలబడి తినలేదు, కాటా మాత్రం అక్కడే. మూడో సోమవారం ఆ ఇనప పలక మీదే కూర్చుని ఏడ్చాను. బుడాన్ జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. "కళ్ళంలో కాయ ఎండటం చూళ్ళేదా నువ్వు? మొదట్లో గబగబా తగ్గుద్ది. తర్వాత ఎన్ని రోజులు చూసినా అట్టాగే ఉంటది, లోపల ఎండుతానే ఉంటది. ఆగలేక నడిఎండకి పరిచినోడి కాయ తెల్లబడి తాలుకిందికి పోద్ది. లెయ్యి, లారీ వస్తంది." రెబ్కా ఫోనులో ఇంకా తేలిగ్గా తీసింది, పెరగలేదుగా, అది తక్కువా అంది. నాలుగో సోమవారం ఎనభై ఐదు. ఆ పూట మిల్లు గేటు దాటి ఇంకా ముందుకు నడిచాం.

ఒక మాట నాలో నేనైనా ఒప్పుకోవాలి, ఈ బెంచీ మీద కూర్చుని ఇప్పుడైనా. నాలో ఒక దొంగ ఉంది. మార్చిలో కుండలో చెయ్యి పెట్టి ఆరు కిలోలు మళ్ళీ ఎక్కించుకున్నది వట్టి ఆకలేనా? కత్తి అంటే నాకు భయం. పక్క కోసి లోపలిది తీస్తారంటే రాత్రిళ్ళు ఆ పక్క నొప్పి పుట్టేది. లావుగా ఉన్నంతకాలం ఎవరూ నన్ను పిరికిది అనరు, పాపం ఇద్దామనే ఉంది, బరువే తగ్గడం లేదు అంటారు. ఆ మాట వెనక ఎంత హాయిగా దాక్కోవచ్చో నాకు తెలుసు. మాలిక్ ఒక్కసారి కూడా ఇమ్మని అడగలేదు. మొదట్లో వద్దక్కా, నీకు పిల్లలున్నారు అన్నాడు, ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు, ఏ సోమవారం ఎంత వచ్చిందని అడగలేదు. అడిగి ఉంటే కోపమొచ్చేది. అడక్కపోవడం వల్లనే గదా ఆ దొంగని నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

ఇరవై ఏడు. లావుపాటి మనిషి ఎక్కాడు, మిషను కిర్రుమంది. ఎర్ర అంకెలు నాకు ఇక్కడికే కనపడుతున్నాయి, తొంభై ఒకటి. బుడాన్ ఈసారి కాస్త పైకే అన్నాడు, తొంభై. వయసైపోతోంది, చూపు ఆనడం లేదనుకున్నాను. ఇరవై ఎనిమిది, బక్కపలచని పిల్ల. నలభై మూడు. బుడాన్ నలభై రెండు అన్నాడు. లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమయ్యా, అక్కడ నలభై మూడు పడితే నలభై రెండంటావేంది?"

"నేనెక్కడన్నాను?"

"అన్నావు. ఇందాక తొంభై ఒకటికి తొంభై అన్నావు."

"గోనె పోను..." అని ఆగిపోయాడు.

ఇరవై రెండేళ్ళుగా కాటా మీదికి వచ్చిన ప్రతి టిక్కీకీ ఖాళీ గోనె బరువు ఒక కిలో తీసేసి అరవడం ఆయన పని. కళ్ళు ఒకటి చూస్తాయి, నోరు ఒకటి తగ్గించి చెబుతుంది, మధ్యలో ఆయనకే తెలియదు. ప్రతి సోమవారం నన్నూ అట్లాగే అరిచాడు. అడగాల్సిన పని లేదు, మొహమే చెబుతోంది. "ఒట్టు నజీరా, నాకే తెలవదు" అన్నాడు. ఇరవై రెండు సోమవారాలుగా నేను గోనె పోను బరువు. నాలుగు రోజుల్లో కిలో తగ్గానని సంబరపడ్డానే, ఆ మొదటి కిలో ఒక ఖాళీ గోనె. మొన్నటి డెబ్బై తొమ్మిదిన్నర ఎనభైన్నర. ఆయన్ని ఆ హాల్లో నలుగురి ముందు చెడామడా తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, ఆ రెండిటికీ నోట్లో తడి ఉండాలి. మనిషిని టిక్కీ కింద జమకట్టావు గదయ్యా అని మాత్రం అన్నాను. ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

వచ్చి మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాను. తల తిరుగుతోంది. సోమవారం ఎనభైన్నర అయితే ఈ మూడు రోజుల్లో పావుకిలో పోయి ఉంటుంది, రాత్రి నుంచి నీళ్ళు లేవు కాబట్టి ఇంకో అర, గాజులు తీస్తే, చెవులవి తీస్తే, జడపిన్నులు తీస్తే... ఎనభైకి ఒక వెంట్రుకవాసి కింద ఉంటానేమో. ఉంటాను. నీళ్ళు తాగకపోతే ఉంటాను. ఇంకో పావుగంట, అంతే, పావుగంట ఓర్చుకోలేనా, మండువేసవిలో రోజా ఉన్నదాన్ని. గాజులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. ఒకటి జారి కింద పడి పగిలింది.

"అక్కా, నీ సంచిలో సీసా ఇట్టియ్యి" అన్నాడు మాలిక్.

"నీకెందుకురా?"

"నాక్కాదు."

వాడే సంచిలోంచి తీశాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు.

"పొద్దున ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. ఈ హాల్లో ఎవరి సీసాలో ఎన్ని నీళ్ళున్నాయో నాకు తెలుసక్కా. నేను చూసేది అయ్యే గదా."

"దాహం వెయ్యలా."

"మాట్లాడుతుంటే నాలుక అతుక్కుంటంది. ఆ మాట ఎట్టా ఉంటదో నాకు తెలవదా?"

చెప్పేశాను. గోనె సంగతి, ఎనభైన్నర, నిన్న రాత్రి నుంచి, అంతా. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఇయ్యాళ రక్తం తీస్తారు, ఉచ్చ పడతారు. నీళ్ళు లేక అయ్యి బాగా రాకపోతే ఏం చేస్తావు? ఎండబెట్టి తూకం తగ్గించడానికి అదేమన్నా మిరపకాయా? నాకిచ్చేదాన్ని నువ్వే ఎండబెడతావా?"

"దాటుద్దిరా."

"దాటితే దాటనియ్యి. వచ్చే నెల మళ్ళీ వద్దాం."

వచ్చే నెల అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. డయాలసిస్ సూదులు గుచ్చే వాడి ఎడమ చేతి నరం ఇప్పటికే ఒకసారి మూసుకుపోయింది. నెల అంటే ఇంకో తొమ్మిదిసార్లు ఆ మంచం, ఆ సూదులు, ఒక్కో రోజు సగంలో బీపీ పడిపోయి వాడి కళ్ళు తేలిపోవడం. అంత తేలిగ్గా అనేశాడు, బస్సు తప్పితే ఇంకో బస్సుకి పోదాం అన్నట్టు. వాడే మూత తిప్పి సీసా నా నోటి దగ్గర పెట్టాడు. చిన్నప్పుడు వాడికి నేను పట్టినట్టు. మొదటి గుక్కకి గొంతు మండింది, రెండో గుక్కకి కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఇంతసేపూ అవి ఎక్కడున్నాయో. వాడు నా వైపే చూస్తున్నాడు. నేను గుటక వేసినప్పుడల్లా వాడి గొంతు కదిలింది. సగం సీసా తాగి ఇంక చాల్రా అన్నాను, ఇంకో రెండు గుక్కలు అన్నాడు. నన్ను తాగించి వాడు దాహం తీర్చుకుంటున్నాడనిపించింది. నాలోని దొంగ ఆ నీళ్ళలోనే మునిగిపోయిందేమో, కోస్తే కోయనీ అనుకున్నాను, భయం పోలేదు, భయంతోటే అనుకున్నాను.

"ముప్పై ఒకటి. నజీరమ్మా, చెప్పులిప్పి ఎక్కు."

మిగతా గాజులు తీయలేదు. ఎక్కాను. అంకెలు చూసే ధైర్యం లేక బుడాన్ మొహం చూశాను. ఆయన పెదాలు కదిలాయి, ఆగాయి. ఆ నోరు ఒకటి తగ్గించడానికి ఎంత తొందరపడుతోందో, దాన్ని పట్టి ఆపడానికి ఆయన ఎంత పెనుగులాడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"ఎనభై కిలోల మూడొందలు" అన్నాడు. "గోనెతో సహా."

హాలంతా మావైపు తిరిగింది. రెబ్కా పెన్ను ఎత్తి పట్టుకుని గోనేంటయ్యా అంది. వెనక నుంచి మాలిక్ అందుకున్నాడు, "నీళ్ళు పోను చెప్పు బావా, ఇప్పుడే సగం సీసా తాగింది." ఎవరో నవ్వారు. బుడాన్ నవ్వలేదు, మొత్తం చెప్పుకున్నాడు, యార్డులో గోనె సంగతి, సోమవారాల సంగతి, తన తప్పు తను చెప్పుకుంటున్నవాడిలా తల వంచి చెప్పాడు. రెబ్కా కార్డు తిరగేసింది. "అయితే ఇరవై రెండు వారాలకీ తలా ఒక కిలో కలపాలన్నమాట" అంది. కలుపమ్మా అన్నాను. వేలు పెట్టి వరసగా కిందిదాకా చదివింది. "కలిపినా దిగడం దిగినట్టే ఉంది గదా నజీరమ్మా, నువ్వెందుకు ఏడుస్తున్నావు" అంది. ఎనభై పాయింట్ మూడు అని రాసి, దాని పక్కన చిన్న అక్షరాలతో నీళ్ళు తాగింది అని కూడా రాసింది.

లోపల పెద్ద డాక్టరు ఆ కార్డు చాలాసేపు చూశాడు. బీపీ కాగితం చూశాడు, చక్కెర కాగితం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. నీళ్ళు తాగింది అంటే ఏమిటని అడిగాడు. రెబ్కా చెప్పింది. ఇన్ని వారాలు ఇంత బుద్ధిగా ఉండి ఆఖరి గంటలో ఇదేం పనమ్మా, కిడ్నీ ఇచ్చే మనిషి నీళ్ళు మానేస్తుందా అని గదమాయించాడు. నేను కాళ్ళ వైపు చూశాను.

"మరి ఎవరు తాగించారు?"

తలుపు దగ్గర నిలబడ్డ మాలిక్‌ని గడ్డంతో చూపించాను. డాక్టరు తలెత్తి వాడి వైపు చూశాడు, ఎండిపోయిన వాడి పెదాల వైపు, చేతి మీద సూదుల గుర్తుల వైపు.

"మూడొందల గ్రాముల కోసం తిప్పి పంపనులేండి" అన్నాడు. "ఇవాళ్టి పరీక్షలు బాగుంటే వచ్చే నెల ఇరవై రెండు. ఒకటి గుర్తుంచుకోండి, ఆపరేషనయ్యాక కూడా ఈ నడక, ఈ తిండి ఇట్లాగే ఉండాలి."

"ఎన్నాళ్ళండీ?"

"మీకు ఎన్నాళ్ళు బతకాలనుంటే అన్నాళ్ళు."

బయటికొచ్చాక బెంచీ కింద నా గాజు ముక్కలు బుడాన్ ఏరుతున్నాడు, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని. రెబ్కా చిన్న డబ్బా చేతికిచ్చి, ఉచ్చ రావాలంటే ఇంకాసిని నీళ్ళు తాగు అంది. సీసాలో ఇంకా కొన్ని మిగిలాయి. మూత తీశాను. మాలిక్ దాని వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

"అంతా అయ్యాక మొదటి చెంబు నువ్వే ఇయ్యాలక్కా" అన్నాడు.

"ఎన్ని ఇయ్యమంటావురా?"

"కొలవకుండా" అన్నాడు.